నౌకాయాన పరిశ్రమ – నవతరం

"ఓడలు బళ్ళవుతాయి, బళ్ళు ఓడలవుతాయి" అన్నది మన పెద్దల సామెత. కాలం కలిసిరానప్పుడు కలవాడు లేనివాడవుతాడని, కలిసివస్తే లేనివాడు కలవాడవుతాడని దాని భావం. 1956 ఏప్రిల్ 26న ఈ సామెత అక్షరాలా నిజమైంది. ఆనాడు అమెరికాలోని నూవార్క్ రేవు నుండి హ్యూస్టన్‌కు బయలుదేరిన 'ఐడియల్ ఎక్స్' అనే ఓడ 58 లారీ పెట్టెలను వీపున మోసుకొని పోయింది. మాల్కం మెక్లీన్ అనే లారీల వ్యాపారి తలపెట్టిన పని అది. రోడ్డు మీద పోయే బండి పెట్టె ఓడలో భాగమైంది. రేవులో దిగి తిరిగి బండి అయింది. కంటెయినర్ యుగం ఆ విధంగా ఆరంభమైంది.

నేడు ప్రపంచ వాణిజ్యంలో, సరకు పరిమాణాన్ని బట్టి చూస్తే, నూటికి ఎనభై పాళ్ళకు పైగా సముద్రం మీదనే సాగుతున్నది. మన వంటింటికి చేరే పామాయిలు ఇండోనేషియా, మలేషియాల నుండి ఓడ మీద వస్తుంది. మన వాహనాలకు కావలసిన ముడిచమురు, మన పొలాలకు చల్లే పొటాషు ఎరువు, మన చేతిలోని యంత్రాల విడిభాగాలు, అన్నీ ఏదో ఒక రేవులో దిగి మన వద్దకు చేరుకున్నవే. సముద్రాన్ని కంటితో చూడని పల్లెటూరి రైతు జీవితం కూడా సముద్రంతో ముడిపడి ఉన్నదనడంలో అతిశయోక్తి లేదు.

ఇంతటి విస్తృతి గల పరిశ్రమకు నేడొక చింత పట్టుకున్నది. ఓడలు పెరుగుతున్నవి, వాటిని నడపగల యువకులు చాలినంతమంది దొరకడం లేదు, దొరికినవారు నిలవడం లేదు అన్నదే ఆ చింత. ఈ సందర్భంలో తరచుగా వినవచ్చే మాట "నేటి యువకులకు ఓర్పు లేదు" అన్నది. ఈ మాటతో మేము ఏకీభవించలేము. యువకులలో లోపాలు లేకపోలేదు. కాని పరిశ్రమ తన ఎదుగుదలను టన్నులలోనూ పెట్టెలలోనూ కొలుచుకుంటూ, ఆ టన్నులను మోసే మనిషిని తయారు చేసే బాధ్యతను మాత్రం మరొకరిపైకి నెట్టివేస్తున్నదని మా అభిప్రాయం. ఒక కేడెట్‌కు నేడు తన ఓడలో చోటివ్వని యజమానికి, రేపు అధికారి దొరకలేదని వాపోయే హక్కు లేదు. ఈ వ్యాసంలో మేము ప్రతిపాదించదలచినది ముఖ్యంగా ఈ విషయాన్నే.

ముందుగా పరిశ్రమ విస్తరణను పరిశీలిద్దాం. 2021 మార్చి 23న 'ఎవర్ గివెన్' అనే ఓడ సూయజ్ కాలువలో అడ్డం తిరిగి ఆరు రోజులపాటు ప్రపంచ వాణిజ్యానికి ఒక ముఖ్యమైన దారిని మూసివేసిన సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. ఆ ఓడ పొడవు 400 మీటర్లు. ఇరవై అడుగుల పెట్టెల లెక్కన ఇరవై వేల పెట్టెలను మోయగలది. అంతటి ఓడను నడిపే సిబ్బంది ఎందరు? కేవలం 25 మంది. ఆ ఇరవై ఐదుగురూ భారతీయులే. ఓడ కదిలిన పిదప నష్టపరిహారపు వివాదం తెగేవరకు, అనగా జూలై నెల వరకు, ఓడను ఈజిప్టులోనే నిలిపివేశారు. ఆ రోజులలో పత్రికలు ఓడ పొడవును గూర్చి, ఆగిపోయిన సరకు విలువను గూర్చి పుటలు నింపాయి. ఓడలో ఉన్న మనుషులను గూర్చి వ్రాసినది అత్యల్పం. పరిశ్రమ దృష్టి ఎటు ఉన్నదో ఈ ఒక్క ఉదాహరణ చాలును.

నౌకా యజమానుల అంతర్జాతీయ సంస్థలైన బిమ్కో, ఇంటర్నేషనల్ ఛాంబర్ ఆఫ్ షిప్పింగ్ కలిసి 2021లో ఒక నివేదికను వెలువరించాయి. ప్రపంచ వాణిజ్య నౌకలు 74 వేలకు పైగా ఉన్నవని, వాటిని నడిపే నావికులు సుమారు 18 లక్షల 90 వేల మంది అని ఆ నివేదిక లెక్క కట్టింది. 2026 నాటికి అదనంగా 89,510 మంది అధికారులు అవసరమవుతారని హెచ్చరించింది. నావికులను అత్యధికంగా అందించే దేశాలుగా ఫిలిప్పీన్స్, రష్యా, ఇండోనేషియా, చైనా, భారతదేశాలను పేర్కొన్నది. అంటే ఈ కొరత విషయంలో ప్రపంచం చూపు మన దేశపు యువకుల వైపు ఉన్నదన్నమాట.

ఇక్కడనే ఒక విచిత్రం గోచరిస్తుంది. ఒకవంక అధికారుల కొరత అని నివేదికలు ఘోషిస్తుంటే, మరొకవంక శిక్షణ పూర్తి చేసిన యువకులు ఓడలో చోటు కోసం నెలల తరబడి ఒడ్డున పడిగాపులు కాస్తున్నారు. ఇది ఎట్లా సంభవం? కారణం ఈ విద్యాపద్ధతిలోనే ఉన్నది. డెక్కు అధికారి కాగోరే విద్యార్థి నాటికల్ సైన్స్ డిప్లొమాలో ఒక సంవత్సరం ఒడ్డున చదువుకుంటాడు. ఆ పైన కేడెట్‌గా పద్దెనిమిది నెలలు ఓడ మీద గడపాలి. అటు తరువాతనే అర్హతా పరీక్షకు కూర్చుండగలడు. నడుమ గల ఈ పద్దెనిమిది నెలలే అసలైన వంతెన. కళాశాలలు సీట్లను పెంచగలవు గాని ఓడలో పరుపులను పెంచలేవు. ఓడలో ఒక కేడెట్‌ను ఉంచుకోవాలంటే అతనికి గది, భోజనం, బోధించే ఓపిక గల అధికారి కావాలి. ఖర్చు నేడు, ఫలితం అయిదారేళ్ళ తరువాత. అప్పటికి ఆ యువకుడు మరొక కంపెనీకి పోవచ్చును. కనుక ప్రతి యజమానీ 'తయారు చేయడం పొరుగువాని వంతు, పనిలోకి తీసుకోవడం నా వంతు' అనుకుంటాడు. అందరూ కోతకు వచ్చేవారే గాని విత్తేవాడు లేని పొలం వంటిది ఈ పరిశ్రమ.

చరిత్రను తిరగవేస్తే, ఒకనాడు ఓడయే పాఠశాలగా ఉండేదని తెలుస్తుంది. మన కళాశాలలో ఉర్దూ చదివే మిత్రులకూ, తెలుగు చదివే మిత్రులకూ సమానంగా ఆసక్తి కలిగించే విషయమొకటి ఇందులో ఉన్నది. హిందూ మహాసముద్రంలో సంచరించిన ఓడలలో దిక్కులను, నక్షత్రాలను చూచి మార్గం నిర్ణయించేవానిని 'ముఅల్లిం' అని పిలిచేవారు. అరబ్బీలోనూ ఉర్దూలోనూ ఆ మాటకు అర్థం ఉపాధ్యాయుడు. ఓడ అధిపతి నాఖుదా, పనివారి పెద్ద సరంగు, పనివారు ఖలాసీలు. సరంగు, ఖలాసీ అన్న మాటలు ఎప్పుడో తెలుగు మాటలైపోయినవి. రేవు కూలీలను మన తీరంలో నేటికీ కళాసీలనే అంటారు. గోల్కొండ కుతుబ్‌షాహీల కాలంలో మచిలీపట్నం రేవు నుండి పారశీకానికి, అరేబియాకు, బర్మా, సుమత్రా తీరాలకు ఓడలు సాగినప్పుడు ఈ మాటలన్నీ మన తీరాన కలిసిమెలిసి తిరిగినవే. మార్గం చూపేవానికి ఉపాధ్యాయుడని పేరు పెట్టిన ఆ నావికుల వివేకం ఎంతటిదో నేటి పరిశ్రమ గ్రహించడం అవసరం.

తరువాతి చరిత్ర అంత ఉజ్జ్వలమైనది కాదు. ఆంగ్లేయుల ఆవిరి ఓడలలో మనవారు లాస్కర్లుగా పనిచేశారు. సైన్యమని అర్థమిచ్చే 'లష్కర్' అన్న మాట నుండి పుట్టినది ఆ పేరు. రెండవ ప్రపంచయుద్ధానికి పూర్వం బ్రిటిష్ వాణిజ్య నౌకల సిబ్బందిలో సుమారు నాలుగింట ఒక వంతు వీరే. కొలిమి వంటి ఇంజను గదులలో బొగ్గు ఎగదోసినవారు, వంట చేసినవారు, డెక్కు కడిగినవారు వీరే. తెల్ల నావికుని కంటె తక్కువ జీతం, తక్కువ చోటు వీరికి లభించేవి. అధికారి పదవి వారికి అందరానిది. పని దొరకాలంటే దళారికి, సరంగుకు లంచమిచ్చుకోవలసి వచ్చేది. 1919 ఏప్రిల్ 5న సింధియా కంపెనీ వారి 'లాయల్టీ' ఓడ బొంబాయి నుండి లండన్‌కు బయలుదేరిన దినాన్నే నేడు మనం జాతీయ నౌకాయాన దినంగా జరుపుకుంటున్నాము. అయితే ఓడ మనదైనంత మాత్రాన చాలలేదు. 1927లో బొంబాయిలో 'డఫరిన్' శిక్షణ నౌక ప్రారంభమైన తరువాతనే భారతీయ యువకులు క్రమపద్ధతిలో అధికారులుగా తయారు కాగలిగారు. 1972లో దాని స్థానంలో 'రాజేంద్ర' వచ్చింది. నేడు ప్రపంచపు ఓడలలో భారతీయ కెప్టెన్లకు, ఇంజనీర్లకు ఉన్న గౌరవానికి పునాది ఆ రెండు ఓడల మీద పడినది. శిక్షణకు ఓడలో చోటు కల్పించినప్పుడు ఒక జాతి ఎంత ఎదగగలదో చెప్పడానికి ఇంతకంటె నిదర్శనం వేరే అక్కరలేదు.

ఇక "ఓర్పు లేదు" అన్న ఆరోపణకు వద్దాం. పూర్వం యువకులు సముద్రానికి ఎందుకు పోయేవారు? దేశదేశాలు చూడవచ్చునని, ఒడ్డు మీద దొరకని జీతం దొరుకుతుందని. సరకును మూటలుగా దించి ఎక్కించే రోజులలో ఓడ ఒక్కొక్క రేవులో రోజులు, వారాలు ఆగేది. నావికుడు ఊరు చూచేవాడు, ఇంటికి ఉత్తరం వ్రాసుకునేవాడు, అలసట తీర్చుకునేవాడు. కంటెయినర్ రాకతో ఆ వారాలు గంటలైపోయినవి. కొత్త రేవులు ఊరికి దూరాన వెలిసినవి. అమెరికాలో 2001 సెప్టెంబరు దాడుల అనంతరం రూపొంది 2004లో అమలులోకి వచ్చిన భద్రతా నియమావళి నావికుడు ఒడ్డుకు దిగే హక్కును కాదనకపోయినా, ఆచరణలో అనేక రేవులలో గేటు దాటడమే గగనమైంది. రేవులో ఆగిన కొద్ది గంటలలోనే తనిఖీలు, కాగితాలు, సరుకుల లెక్కలు. ప్రపంచం చూడవచ్చునని బయలుదేరిన యువకునికి నేడు కనిపించేది క్రేన్ల వరుస మాత్రమే. పాత ఆకర్షణలు పోయినవి. పాత కష్టాలు మాత్రం అట్లాగే నిలిచినవి. ఇది యువకుని ఓర్పులో వచ్చిన లోపమని అనడం న్యాయమా?

విశ్రాంతి సంగతి చూడండి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2006లో ఆమోదించిన నావిక కార్మిక ఒడంబడిక 2013లో అమలులోకి వచ్చింది. మన దేశం 2015లో దానిని ధ్రువీకరించింది. దాని ప్రకారం నావికునికి ఇరవై నాలుగు గంటలలో కనీసం 10 గంటలు, వారానికి కనీసం 77 గంటలు విశ్రాంతి ఉండాలి. మంచి నియమమే. కాని తిరగవేసి చదివితే, ఒక మనిషి చేత వారంలో కొన్ని రోజులు పద్నాలుగేసి గంటలు పని చేయించినా నియమం తప్పినట్లు కాదన్నమాట. సిబ్బంది సంఖ్య తగ్గించి, పనుల సంఖ్య పెంచినప్పుడు ఆ పది గంటలు సైతం కాగితం మీద మాత్రమే మిగిలే ప్రమాదమున్నది. నిద్రలేని కన్ను చుక్కానికి కాపలా కాయజాలదు. ఇది నావికుని సుఖానికి మాత్రమే సంబంధించినది కాదు, సరకు భద్రతకూ సముద్ర భద్రతకూ సంబంధించిన విషయం.

కోవిడ్ కాలంలో జరిగినది ఈ తరం యువకులు మరచిపోలేదు. 2020లో దేశాలు తమ సరిహద్దులు మూసుకున్నప్పుడు కూడా ఓడలు ఆగలేదు. ఆహారం, ఇంధనం, ఔషధాలు ప్రతి దేశానికీ చేరుతూనే ఉన్నవి. కాని వాటిని చేర్చిన నావికులను దిగనివ్వడానికి ఆ దేశాలే అంగీకరించలేదు. ఒక దశలో సుమారు నాలుగు లక్షల మంది నావికులు ఒప్పందపు గడువు దాటినా ఓడలలోనే చిక్కుబడిపోయారని అంతర్జాతీయ సముద్ర సంస్థ ప్రకటించింది. "ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య" అన్న సామెతకు ఇంతకంటె పెద్ద ఉదాహరణ చరిత్రలో అరుదు. నేటికీ జీతమివ్వక, ఆహారం పంపక యజమానులు వదలివేసిన ఓడల సంఖ్య తగ్గలేదు. అంతర్జాతీయ రవాణా కార్మిక సమాఖ్య లెక్క ప్రకారం ఒక్క 2024 సంవత్సరంలోనే మూడు వందలకు పైగా ఓడలలో మూడు వేలకు మించిన నావికులు ఈ విధంగా నిరాధారులయ్యారు. వారిలో భారతీయులు అధిక సంఖ్యలో ఉండడం మనకు మరింత బాధాకరం. 2024 మార్చి 6న ఏడెన్ సింధుశాఖలో 'ట్రూ కాన్ఫిడెన్స్' అనే ఓడపై జరిగిన క్షిపణి దాడిలో ముగ్గురు నావికులు మరణించారు. వారు ఏ యుద్ధంలోనూ పక్షం వహించినవారు కారు. మిగిలినవారిని మన నౌకాదళపు 'ఐ.ఎన్.ఎస్. కోల్‌కతా' రక్షించింది. ఇవన్నీ వార్తలలో చూస్తున్న తల్లిదండ్రులు కుమారుని ఓడకు పంపడానికి సందేహిస్తే వారిని తప్పుపట్టలేము.

అట్లని పరిశ్రమలో మంచి మార్పులు రాలేదని చెప్పడం మా ఉద్దేశం కాదు. 2022లో నావిక కార్మిక ఒడంబడికకు చేసిన సవరణలు 2024 డిసెంబరు 23 నుండి అమలులోకి వచ్చినవి. ఓడలోని వారు ఇంటివారితో మాట్లాడుకొనేందుకు, సాధ్యమైనంత మేరకు, ఇంటర్నెట్ సౌకర్యం కల్పించాలని, రుసుము ఉంటే అది సమంజసంగా ఉండాలని అవి నిర్దేశించినవి. తల్లి కంఠం రోజుకొకమారు వినగలిగిన యువకుడు ఆరు నెలల ఒంటరితనాన్ని ధైర్యంగా భరించగలడు. ఓడలో ఇంటర్నెట్ ఉంటే యువకులు ఒకరితో ఒకరు మాట్లాడుకోరని, నిద్ర మానుకుంటారని కొందరు పెద్దలు అంటారు. అందులో కొంత నిజం లేకపోలేదు. కాని దానికి విరుగుడు తీగ కోయడం కాదు. కలిసి భుజించే వేళను, కలిసి ఆడుకొనే చోటును ఓడలో నిలబెట్టడం.

కొత్త ఇంధనాల విషయం మరొకటి. 2050 ప్రాంతానికి ఓడల నుండి వెలువడే వేడివాయువుల నికర పరిమాణాన్ని శూన్యం చేయాలని అంతర్జాతీయ సముద్ర సంస్థ 2023లో లక్ష్యం ప్రకటించింది. ఇప్పటికే మెథనాల్‌తో నడిచే కంటెయినర్ ఓడలు నీటిలోకి దిగినవి. అమోనియా ఇంజన్లు రానున్నవి. మెథనాల్ మంట పగటి వెలుగులో కంటికి సరిగా ఆనదు. అమోనియా పీల్చితే ప్రాణాపాయం. వీటిని సంబాళించడానికి పాత అనుభవం ఒక్కటే చాలదు; కొత్త చదువు కావాలి. ఇక్కడ ముప్పై ఏళ్ళ అనుభవం గల చీఫ్ ఇంజనీరు, ఇరవై రెండేళ్ళ జూనియరు ఇద్దరూ ఒకే బల్ల మీద విద్యార్థులే. యంత్రాలతో, గణనయంత్రాలతో పుట్టి పెరిగిన యువకుడు పెద్దవానికి నేర్పగలిగినది ఉన్నది. గాలివానలో నిలబడడం పెద్దవాడు యువకునికి నేర్పగలిగినది అంతకంటె ఎక్కువ ఉన్నది. ఈ ఇచ్చిపుచ్చుకోవడం జరగాలంటే "నోరు మూసుకొని చెప్పినది చెయ్యి" అనే పాత అధికార ధోరణి మారక తప్పదు. 2010లో మనీలాలో సవరించిన అంతర్జాతీయ శిక్షణ ప్రమాణాలు నాయకత్వాన్ని, బృందపు పనిని విధిగా నేర్పాలని చెప్పినవి. కింది అధికారి తన సందేహాన్ని పై అధికారికి నిర్భయంగా చెప్పగలగడం ఆ శిక్షణలో ఒక భాగం. ప్రశ్నించిన జూనియరును అవిధేయుడుగా కాక, ఓడకు మరొక కన్నుగా చూడగల కెప్టెన్లు కావాలి.

స్త్రీల విషయం ప్రస్తావించకుండా నవతరాన్ని గూర్చి మాట్లాడడం సగం మాటే అవుతుంది. పైన చెప్పిన 2021 నివేదిక ప్రకారం ప్రపంచ నావికులలో స్త్రీలు నూటికి 1.28 పాళ్ళు మాత్రమే. కొరత అని వాపోతూ సగం జనాభాకు తలుపు ఓరగా తెరచి ఉంచడం విజ్ఞత కాదు. వాణిజ్య నౌకాదళంలో తొలి భారతీయ మహిళా కెప్టెన్ రాధికా మీనన్ 2015 జూన్‌లో బంగాళాఖాతపు తుపాను అలల మధ్య 'దుర్గమ్మ' అనే చేపల పడవలో చిక్కుకొన్న ఏడుగురు మత్స్యకారులను కాపాడారు. ఆ పడవ మన కాకినాడ తీరం నుండి వెళ్ళినదే. మొదటి రెండు ప్రయత్నాలు ఫలించకపోయినా ఆమె వెనుదిరగలేదు. అందుకు 2016లో అంతర్జాతీయ సముద్ర సంస్థ అసాధారణ సాహస పురస్కారం ఆమెను వరించింది. ఆ ఏడు కుటుంబాలకు స్త్రీ ఓడ నడపగలదా అన్న ప్రశ్న ఇక ఉండదు. ఓడలో వేరు గది, గోప్యంగా ఫిర్యాదు చేసుకొనే మార్గం, ఆ ఫిర్యాదును విచారించే నిష్పాక్షికమైన వ్యవస్థ ఉంటే మన చెల్లెళ్ళు ఈ రంగంలో వెనుకబడరు.

ఇప్పటివరకు చెప్పినదానిని బట్టి పరిశ్రమ చేయవలసిన పనులను మేము ఈ విధంగా సూచిస్తున్నాము. మొదటిది, దేశీయ జెండా కలిగిన ఓడ అయినా, పరదేశపు జెండా కలిగిన ఓడ అయినా, మన అధికారులను నియమించుకొనే ప్రతి కంపెనీ ఆ సంఖ్యకు తగిన నిష్పత్తిలో మన కేడెట్లకు చోటివ్వాలి. రెండవది, ఒప్పందంలో వ్రాసిన తేదీకి నావికుడు ఇంటికి చేరాలి. అతని స్థానంలో వచ్చేవాని పేరు ముందే నిర్ణయం కావాలి. మూడవది, ఓడ సిబ్బంది సంఖ్యను నిర్ణయించేటప్పుడు కాగితపు పనిని సైతం పనిగా లెక్కించాలి. నాలుగవది, రేవులో ఆగినప్పుడు నావికుడు కొద్ది గంటలైనా నేల మీద నడచి రాగల ఏర్పాటు ఉండాలి. అయిదవది, ప్రతి అధికారి పదోన్నతికి అతడు ఎందరికి పని నేర్పాడన్నది కూడా ఒక కొలబద్ద కావాలి. ముఅల్లిం అన్న పాత పేరు అప్పుడే సార్థకమవుతుంది.

ఇందులో మొదటి సూచన ఆచరణ సాధ్యం కాదని యజమానులు ఆక్షేపించవచ్చును. నౌకాయానం పోటీ వ్యాపారమనీ, ఒక దేశం భారం పెంచితే ఓడలు పనామా, లైబీరియా, మార్షల్ దీవుల జెండాల క్రిందికి పోతాయనీ వారి వాదం. వాదంలో బలం ఉన్నది. కాని ఇది కొత్త ఊహ కాదు. 2000లో బ్రిటన్ ఓడల టన్నుల లెక్కన తేలికైన పన్ను పద్ధతి ప్రవేశపెట్టినప్పుడు, ఆ సౌకర్యం కోరిన కంపెనీ ప్రతి పదిహేను అధికారి పదవులకు ఏటా ఒక కేడెట్ చొప్పున తయారు చేయాలని షరతు పెట్టింది. 2004లో మన దేశం అటువంటి పన్నునే ప్రవేశపెట్టి, దానికి కనీస శిక్షణ నియమాన్ని జోడించింది. సౌకర్యం తీసుకున్నవాడు బాధ్యత కూడా తీసుకోవాలన్న సూత్రం అంగీకారమైనదే. దానిని మన యువకులను నియమించుకొనే పరదేశీ ఓడలకు విస్తరింపజేయడమే మిగిలిన పని. మన నావికులు లేనిదే సాగలేని ఓడలు వేలకొలది ఉన్నప్పుడు, ఆ మాట అడిగే శక్తి మనకు లేదనుకోవడం అల్పత్వమే అవుతుంది.

యువకులకు కూడా ఒక మాట చెప్పవలసి ఉన్నది. ఈ రంగంలో మోసగాళ్ళు కొల్లలు. ఓడలో ఉద్యోగమిప్పిస్తామని లక్షలు గుంజి, బోగస్ పత్రాలు చేతిలో పెట్టి, అనామక రేవులో వదలివేసే దళారుల కథలు ఏటా వింటున్నాము. నావికునికి పని చూపినందుకు అతని వద్ద రుసుము వసూలు చేయరాదని 1920లోనే అంతర్జాతీయ ఒడంబడిక ఒకటి నిషేధించింది. 2006 నాటి ఒడంబడిక ఆ నిషేధాన్ని మళ్ళీ చాటింది. వైద్య ధ్రువపత్రం, నావికుని గుర్తింపు పుస్తకం, పాస్‌పోర్టు వంటి వాటి ఖర్చు తప్ప ఉద్యోగం పేరిట ఎవరు డబ్బు అడిగినా అది అక్రమమే. నియామక సంస్థకు షిప్పింగ్ డైరెక్టరేట్ జనరల్ వారి లైసెన్సు ఉన్నదా, శిక్షణ సంస్థకు గుర్తింపు ఉన్నదా అని విచారించుకున్న పిదపనే అడుగు వేయాలి. అన్నింటికంటె ముందు కంటి పరీక్ష చేయించుకోవాలి. రంగులు గుర్తించడంలో లోపమున్నవారికి డెక్కు మీద తలుపులు మూసి ఉంటాయి. ఈ చిన్న సంగతి తెలియక పొలమమ్మి రుసుము కట్టి చివరకు నిరాశ చెందడం ఎంత విషాదకరం!

మన కళాశాల యాజమాన్య సంఘం వారికి ఈ సందర్భంలో వినమ్రంగా కొన్ని విన్నపాలు చేస్తున్నాము. ఇంజనీరింగు, వైద్యం, ఉపాధ్యాయ శిక్షణ తప్ప మరో మార్గమున్నదని మన విద్యార్థులలో అనేకులకు తెలియదు. చిన్న దుకాణాల మీద, చేతిపనుల మీద ఆధారపడిన కుటుంబాల నుండి వచ్చిన వారికి ఈ వివరాలు చెప్పే పెద్దలు ఇంటిలో ఉండరు. 2008లో ఏర్పడిన భారతీయ సముద్రయాన విశ్వవిద్యాలయానికి విశాఖపట్నంలో ప్రాంగణమున్నది. అక్కడి అధ్యాపకులలో ఒకరినో, సముద్రంలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న అధికారి నొకరినో ఏడాదికొకసారి ఆహ్వానించి విద్యార్థినీ విద్యార్థులతో మాట్లాడించవలసిందిగా కోరుతున్నాము. ప్రభుత్వ గుర్తింపు పొందిన సంస్థల పట్టికను గ్రంథాలయంలో ఉర్దూ, తెలుగు భాషలలో ఉంచవలసిందిగా కోరుతున్నాము. ప్రవేశ పరీక్షకు కావలసిన గణితం, భౌతికశాస్త్రం, ఇంగ్లీషులలో సాయంకాల తరగతులు నడిపితే ఖర్చు స్వల్పం, ప్రయోజనం అనల్పం. పిల్లలను సముద్రానికి పంపడం భయమని కాదు, తెలిసి పంపాలని తల్లిదండ్రులకు కూడా చెప్పవచ్చును.

1941లో బాబూ రాజేంద్రప్రసాద్ విశాఖలో సింధియా నౌకానిర్మాణ కేంద్రానికి శంకుస్థాపన చేశారు. స్వతంత్ర భారతంలో నిర్మితమైన తొలి పెద్ద ఓడ 'జల ఉష'ను 1948 మార్చి 14న నెహ్రూ అక్కడనే జలప్రవేశం చేయించారు. ఓడలు కట్టిన తీరం ఇది. అంతకు ఏడు శతాబ్దాలకు పూర్వం, 1244 ప్రాంతంలో, కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవులో సముద్ర వర్తకులకు అభయ శాసనం వేయించాడు. ఓడ పగిలి తీరానికి కొట్టుకొనివచ్చిన సరకును లాగుకోబోమని, న్యాయమైన సుంకం మాత్రమే తీసుకుంటామని ఆ శాసనంలో మాట ఇచ్చాడు. అభయం లేనిచోట వాణిజ్యం నిలవదని ఆ ప్రభువు ఎరిగి ఉండెను.

ఆనాడు సరకుకు ఇచ్చిన అభయమే నేడు మనిషికి కావాలి. నేర్చుకొనేందుకు ఓడలో ఒక చోటు, అలసినప్పుడు నిద్ర, గడువు తీరినప్పుడు ఇల్లు, అన్యాయం జరిగినప్పుడు వినే చెవి: ఈ నాలుగూ హామీగా లభించిననాడు నౌకాయాన పరిశ్రమ యువకుల కోసం వెదకవలసిన పని ఉండదు. యువతరమే రేవు వెదుక్కుంటూ వస్తుంది. అట్టి శుభదినం కోసం ప్రభుత్వం, యజమానులు, విద్యాసంస్థలు తమ తమ వంతు కృషి చేయగలరని, ఆ కృషిలో మన కళాశాల వెనుకబడి ఉండదని ఆశిస్తున్నాము.